విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు - తెలుగు గ్రంథము

భాషాసాహిత్య పరిశోధనమున గ్రంథకర్తకును, పరిష్కర్తకును, విమర్శకునకును గల స్థానము సుపరిచితము. వీరందఱి చేతికిని గ్రంథమును అందించిన గ్రంథపాలకుని గుఱించి మాత్రము మన సాహిత్య చరిత్రలు సామాన్యముగా ప్రస్తావింపవు. పరిశోధకుడు పీఠికలో కృతజ్ఞతలు తెలుపుచోట ఒక పంక్తిలో ఆయనను స్మరించి ముందునకు సాగును. ఆ గ్రంథము ఆ గ్రంథాలయమునకు ఎట్లు వచ్చినది? ఏ పేరు క్రింద నమోదైనది? ఏ సంఖ్యతో ఏ బీరువాను చేరినది? వేఱొక పేరు క్రింద నమోదై యున్నచో తనకు దొరకియుండెడిదా? ఈ ప్రశ్నలు ఆయనకు సామాన్యముగా తోచవు.

స్వభాషా ప్రాంతమునకు వెలుపల ఈ ప్రశ్నలు తప్పించుకొనరానివగును. సూరతు నగరమున వరాఛా వజ్రములకు సానపట్టు పనికిని, వస్త్ర వ్యాపారమునకును పేరుపొందిన ప్రాంతము. అచ్చట సౌరాష్ట్రమునుండి వచ్చి స్థిరపడినవారు అధికులు. అదే నగరమున మరమగ్గముల పనికై తెలంగాణమునుండి తరలివచ్చిన పద్మశాలీ కుటుంబములును పెక్కు కలవు. నగరపాలక సంస్థ విద్యాసమితి గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒరియా మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమునను ప్రాథమిక పాఠశాలలు నెలకొల్పుట ఈ జనసంఖ్యకు నిదర్శనము. వరాఛాలో పెరిగిన తెలుగు విద్యార్థి యొకడు ఉన్నత విద్యకు వచ్చి, ఏదేని విశ్వవిద్యాలయ గ్రంథాలయమున తెలుగు గ్రంథమొకటి కోరెననుకొందము. అది అచ్చట ఉన్నను అతనికి దొరకునా? ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథపాలకుని వృత్తిలో ఇమిడియున్నది. ఆ వృత్తి మన దేశమున రూపొందిన తీరును కొందఱి జీవితముల ద్వారా వివరించి, తెలుగు గ్రంథమునకు దానితో గల సంబంధమును నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

బరోడా, బెజవాడ

గ్రంథాలయముల విషయమున గుజరాతు దేశమునకును ఆంధ్రదేశమునకును పాత పరిచయము కలదు. సూరతు జిల్లా ఆంగ్లేయ పాలనమున నుండగా, దాని పొరుగున నున్న నవసారి బరోడా సంస్థానమునకు చెందియుండెను. ఆ సంస్థానాధీశుడు మూడవ శాయాజీరావు గాయక్వాడు 1910లో అమెరికానుండి విలియం బోర్డెను అను గ్రంథాలయ నిపుణుని రప్పించి, కేంద్ర గ్రంథాలయమును, గ్రామ గ్రంథాలయములను, పుస్తకములను పెట్టెలలో నుంచి ఊరూరికి పంపు సంచార గ్రంథాలయములను ఏర్పాటు చేయించెను. అచ్చట ప్రభువు చేయించిన పనిని ఆంధ్రదేశమున ప్రజలు స్వయముగా తలకెత్తుకొనిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914 ఏప్రిలులో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ సంఘమునకు ప్రాణభూతులు. 1919లో మద్రాసున జరిగిన అఖిల భారత గ్రంథాలయ మహాసభకు బరోడా గ్రంథాలయముల అధికారి కుడాల్కరుగారు అధ్యక్షత వహించుటతో ఈ రెండు ఉద్యమములును ఒక వేదికపై కలిసినవి.

ఇవి ప్రజా గ్రంథాలయములు. విశ్వవిద్యాలయములలో పరిస్థితి వేఱుగా నుండెను. 1857లో స్థాపితమైన మన తొలి విశ్వవిద్యాలయములు చిరకాలము పరీక్షలు జరుపు సంస్థలుగనే ఉండెను. వానికి గ్రంథాలయము అలంకారప్రాయము. గ్రంథపాలకుడు తాళపుచెవుల గుత్తికి కాపరి. మద్రాసు విశ్వవిద్యాలయము తన మొదటి గ్రంథపాలకుని నియమించునప్పటికి 1924వ సంవత్సరము వచ్చెను.

గణితమునుండి గ్రంథాలయమునకు

ఆ మొదటి గ్రంథపాలకుడు డాక్టరు శియాళి రామామృత రంగనాథన్ గారు. 1892లో తంజావూరు జిల్లా శియాళిలో జన్మించిరి. గణితశాస్త్రమున ఎం. ఏ. పట్టము పొంది, మంగళూరు, కోయంబత్తూరు కళాశాలలలోను, పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను బోధించిరి. 1924 జనవరిలో విశ్వవిద్యాలయ గ్రంథాలయమున చేరిన కొలదిదినములకే ఆయనకు విసుగు పుట్టెను. పాఠకులు లేరు, పని లేదు, మాటాడువారు లేరు. తిరిగి గణిత బోధనకు పంపుమని ఆయన కోరగా, ముందు ఇంగ్లండునకు పోయి గ్రంథాలయ శాస్త్రము నేర్చి రావలసినదనియు, అప్పటికిని ఇష్టము లేనిచో మరల అధ్యాపక పదవి నిత్తుమనియు కళాశాలవారు మాట యిచ్చిరి.

లండనులో ఆయన బెర్విక్ సేయర్సు అను ఆచార్యునివద్ద చదివిరి. అనేక గ్రంథాలయములను దర్శించిరి. అచ్చట రెండు విషయములు ఆయన మనస్సును ఆకర్షించినవి. మొదటిది, కార్మికులు, గృహిణులు, బాలకులు గ్రంథాలయమునకు స్వేచ్ఛగా వచ్చి తమకు కావలసిన పుస్తకమును తామే తీసికొనుట. రెండవది, గ్రంథముల వర్గీకరణలోని లోపము. అప్పటి పద్ధతులు ప్రతి విషయమునకును ముందుగనే ఒక గడిని సిద్ధము చేసి, వచ్చిన గ్రంథమును అందులో పెట్టెడివి. క్రొత్త విషయము వచ్చినచో గడి యుండదు. ఒక దుకాణమున మెకానో అను పిల్లల ఆటసామానును చూచినప్పుడు ఆయనకు పరిష్కారము తోచినదని ప్రసిద్ధి. కొలది ముక్కలను మరలతో బిగించి ఎన్నో ఆకృతులు చేయవచ్చును గదా! అట్లే విషయమును దాని అంశములుగా విడదీసి, ఆ అంశముల సంఖ్యలను రెండు చుక్కల గుర్తుతో కలిపినచో ఏ గ్రంథమునకైనను సంఖ్య కూర్చవచ్చును. 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణ పద్ధతికి ఇది బీజము.

1925లో మద్రాసునకు మరలివచ్చి పెక్కేండ్లు ఆయన ఆ పదవిలో నుండిరి. అంతకుముందు పాఠకుడు చీటీ వ్రాసియిచ్చి నిరీక్షింపవలసిన చోట బీరువాలు తెఱచి యుంచిరి. గ్రంథములు ఉపయోగమునకే యనియు, ప్రతి పాఠకునకును అతని గ్రంథము, ప్రతి గ్రంథమునకును దాని పాఠకుడు కలడనియు, పాఠకుని కాలమును ఆదా చేయవలెననియు, గ్రంథాలయము పెరుగు జీవియనియు చెప్పు ఆయన పంచసూత్రముల గ్రంథము 1931లోను, సూచీకరణ నియమావళి 1934లోను వెలువడెను. 1948నాటి మద్రాసు ప్రజా గ్రంథాలయ శాసనమునకు వెనుక ఆయన కృషి కలదు. తరువాత కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, ఢిల్లీ విశ్వవిద్యాలయమునను పనిచేసి, 1962లో బెంగుళూరున ప్రలేఖన పరిశోధన కేంద్రమును స్థాపించి, 1972లో పరమపదించిరి.

వృత్తి గౌరవమునకు సంబంధించిన ఒక అంశమును ఇచ్చట ప్రత్యేకముగ పేర్కొనవలెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 1957లో గ్రంథాలయములపై నియమించిన ఉపసంఘమునకు రంగనాథన్ గారే అధ్యక్షులు. గ్రంథపాలకుని హోదా, వేతనము ఆచార్యునితో సమానముగ నుండవలెనని ఆ ఉపసంఘము సిఫారసు చేసెను. ఇది కేవలము జీతమునకు సంబంధించిన కోరిక కాదు. గ్రంథపాలకుడు చేయునది విద్వత్కార్యమని అంగీకరింపజేయుట దాని తాత్పర్యము.

వాల్తేరు, ఢిల్లీ

మద్రాసు విశ్వవిద్యాలయమునుండి విడివడి 1926లో బెజవాడలో ప్రారంభమై, పిదప వాల్తేరునకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు శ్రీ అబ్బూరి రామకృష్ణారావుగారు (1896-1979) గ్రంథపాలకులైరి. సాహిత్యపాఠకులు ఆయనను ‘మల్లికాంబ’, ‘ఊహాగానము’ కావ్యముల కర్తగా, భావకవులలో తొలితరమువానిగా ఎఱుగుదురు. నాటకాభిమానులు విశాఖపట్టణమున ‘నటాలి’ సంస్థను నడిపిన ప్రయోక్తగా ఎఱుగుదురు. ఎం. ఎన్. రాయ్ మానవవాద భావములను ఆంధ్రదేశమునకు పరిచయము చేసినవారిలోను ఆయన ముఖ్యులు. ఇన్ని ప్రతిష్ఠల నడుమ ఆయన వృత్తి మఱుగుపడినది.

1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయము గ్రంథాలయ శాస్త్రమున డిప్లొమా తరగతులను ప్రారంభించెను. మద్రాసు విశ్వవిద్యాలయమున ఇట్టి డిప్లొమా ఏర్పడినది 1937లో. కాశీ, బొంబాయి, కలకత్తా విశ్వవిద్యాలయములు 1940 తరువాతనే ఈ బోధనను చేపట్టినవి. పదేండ్లైనను నిండని విశ్వవిద్యాలయము దేశమున ఈ మార్గమున ముందు నడచినవానిలో చేరుట గమనింపదగిన విషయము. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపై జపాను విమానములు బాంబులు వేసిన పిమ్మట విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలి, యుద్ధానంతరము తిరిగి వచ్చెను. ఆ గ్రంథాలయము నేడు ఉపాధ్యక్షులుగా నుండిన డాక్టరు వాసిరెడ్డి శ్రీకృష్ణగారి పేరు వహించుచున్నది.

రంగనాథన్ గారు గణితమును విడిచి ఈ వృత్తికి వచ్చిరి. అబ్బూరివారు కవిత్వమును వెంటబెట్టుకొని వచ్చిరి. తెలుగు గ్రంథమునకు సంబంధించినంతవఱకు ఈ రెండవ విధమునకు విశేష ప్రయోజనము కలదు. ముఖపత్రముపై నున్న పదములలో ఇంటిపేరు ఏది, బిరుదము ఏది, కలముపేరు ఏది, కృతిభర్త పేరు ఏది అను సంగతి ఆ సాహిత్యములో పెరిగిన వానికి చూడగనే తెలియును.

ఈ వృత్తి అబ్బూరివారి ఇంటనే రెండవతరమునకు సంక్రమించుట ఒక విశేషము. ఆయన కోడలు శ్రీమతి అబ్బూరి ఛాయాదేవిగారు (1933-2019) ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున ఉప గ్రంథపాలకురాలుగా పనిచేసి 1982లో స్వచ్ఛందముగా విరమించిరి. ఆ మధ్యకాలమున ఫ్రాన్సుకు పోయి ప్రలేఖనమున శిక్షణ పొందిరి. ‘తన మార్గం’ కథాసంపుటమునకు 2005లో ఆమెకు సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. తెలుగునాటికి దూరముగా, బహుభాషా గ్రంథముల నడుమ ఉద్యోగము చేయుచు తెలుగు రచయిత్రిగా నిలిచిన జీవితము ఆమెది. వివాహానంతరము స్త్రీకి ఇంటిపేరు మారుట వలన ఒక రచయిత్రి కృతులు రెండు పేర్ల క్రింద చీలిపోవుటకు అవకాశమున్నది. ఈ చిక్కు మనలను తరువాతి అంశమునకు చేర్చును.

పేరు ఎక్కడ మొదలగును?

గ్రంథాలయ సూచిలో గ్రంథకర్త పేరులోని ఏ పదమును మొదట వ్రాయవలెను? ఐరోపావారికి ఇది సులభము. చివర నున్న వంశనామమును ముందునకు తెచ్చిన చాలును. గుజరాతీలోను ఇంచుమించు అంతే. సూరతు కవి, నిఘంటుకర్త నర్మదుని పూర్తి పేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. ఇందు మొదటిది స్వనామము, రెండవది తండ్రి పేరు, మూడవది వంశనామము. దక్షిణ గుజరాతు విశ్వవిద్యాలయము నేడు ఈయన పేరనే యున్నది.

ఇక ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రథమ ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరును తీసికొందము. రోమను లిపిలో ఇది మూడు మాటలుగా విడివడి, చూచుటకు నర్మదుని పేరువలెనే యుండును. గుజరాతీ సూచీకర్త తన అలవాటు చొప్పున ‘కట్టమంచి’ స్వనామమనియు, ‘రామలింగ’ తండ్రి పేరనియు, ‘రెడ్డి’ వంశనామమనియు భావించిన తప్పు పట్టనవసరము లేదు. కాని యథార్థము దీనికి విరుద్ధము. మొదటిదే ఇంటిపేరు, రెండవది స్వనామము, మూడవది కులసూచకము. ఆకారమున సామ్యము, అర్థమున వైపరీత్యము.

దీనికి తోడు ఆంగ్ల గ్రంథములపై ఆయన పేరు సి. ఆర్. రెడ్డి. అనగా రోమను వరుసలో ఆయన గ్రంథములు ‘రెడ్డి’ క్రిందనో, ‘రామలింగారెడ్డి’ క్రిందనో, ‘సి’ అక్షరముతో వ్రాసిన కట్టమంచి క్రిందనో, ‘కె’ అక్షరముతో వ్రాసిన కట్టమంచి క్రిందనో ఉండవచ్చును. ‘కవిత్వతత్త్వ విచారము’ ఒకచోటను, ఆంగ్ల వ్యాసములు వేఱొకచోటను చేరినచో, ఆ రెండింటి కర్తయు ఒక్కరే యని సూచి చెప్పజాలదు.

రంగనాథన్ గారు ఈ చిక్కును గుర్తింపకపోలేదు. భారతీయ నామములలో చివరి ముఖ్యపదమును ముందు వ్రాయవలెననియు, దక్షిణదేశ నామములలో ఆ చివరి పదము కేవలము కులసూచకమై, దాని ముందరి పదము పూర్తిగా ముద్రితమై యున్నచో ఆ రెండింటిని కలిపి వ్రాయవలెననియు ఆయన నియమము. దాని ప్రకారము పూర్తి పేరున్న గ్రంథము ‘రామలింగారెడ్డి’ క్రిందను, పొడి అక్షరములున్న గ్రంథము ‘రెడ్డి’ క్రిందను చేరును. నియమము సూక్ష్మమైనదే. ఐనను ముఖపత్రముపై ముద్రాపకుడు చేసిన నిర్ణయమునకు అది లోబడక తప్పలేదు. కావున ఒక పేరును ప్రధానముగ స్వీకరించి, తక్కిన రూపములనుండి దానికి దారి చూపు పత్రములను వ్రాయుట అవశ్యము.

లిపి, సంఖ్య

గుజరాతు గ్రంథాలయమున తెలుగు పేరును గుజరాతీ లిపిలో వ్రాయుట సహజమైన ఆలోచన. రెండు లిపులకును వర్ణక్రమము సమానమే కావున అకారాది వరుస దాదాపు చెడదు. చెడునది ఎ, ఏ, ఒ, ఓ వర్ణములవద్ద. గుజరాతీ లిపిలో ఈ హ్రస్వదీర్ఘ భేదము లేదు. మెడయు మేడయు ఒకటే యగును. కొడియు కోడియు ఒకటే యగును. ఱకారమునకు ప్రత్యేకాక్షరము లేదు. రోమను లిపిపై చుక్కలు, గీతలు చేర్చిన విద్వత్పద్ధతిలో ఈ భేదములన్నియు నిలుచును. 1957లో ప్రారంభమైన భారత జాతీయ గ్రంథసూచి ఈ మార్గమునే అనుసరించెను. కాని తెలుగు పాఠశాలలో చదివిన బాలుడు తన భాషా గ్రంథమును ఆ గుర్తుల రోమనులో వెదకికొనుట కష్టము. తెలుగు లిపిని గూడ సూచిలో నిలుపుటయే న్యాయము. కంప్యూటరులు వచ్చిన పిమ్మట ఇది అసాధ్యమును కాదు.

వర్గీకరణ సంఖ్యలోను చరిత్ర దాగియున్నది. మన గ్రంథాలయములలో విశేషముగ వాడుకలో నున్న డ్యూయీ పద్ధతిలో గుజరాతీ సాహిత్యమునకు 891.47, తెలుగు సాహిత్యమునకు 894.827 సంఖ్యలు. 894 అను శీర్షికలో ద్రావిడ సాహిత్యములతోపాటు టర్కీ, హంగేరీ, ఫిన్లండు భాషల సాహిత్యములును కలవు. ద్రావిడ భాషలకును ఆ భాషలకును చుట్టరికమున్నదని కాల్డ్వెల్ మొదలగువారు పందొమ్మిదవ శతాబ్దమున ఊహించిరి. ఆ ఊహను నేటి భాషాశాస్త్రము సిద్ధాంతముగ అంగీకరింపదు. బీరువాలలో మాత్రము దాని నీడ మిగిలియున్నది. ఈ సంఖ్యకు కవిత్వమునకు 1, నాటకమునకు 2, కథాసాహిత్యమునకు 3 చేర్చవలెను. యక్షగానమును ఒకటిలో చేర్చవలెనా, రెండులో చేర్చవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము సాహిత్య చరిత్ర తెలిసినవాడే చెప్పగలడు.

కోలన్ పద్ధతిలో తెలుగు సంఖ్య 35. అందు గ్రంథకర్తను ఆయన జన్మసంవత్సరమునుబట్టి గుర్తింతురు. 1895లో జన్మించిన విశ్వనాథ సత్యనారాయణగారి నవలకు సాహిత్యము, తెలుగు, నవల అను అంశముల సంఖ్యల వెంట, 1800 మొదలగు శతాబ్దమును తెలుపు ‘ఎం’ అను రోమను అక్షరమును, దానిపై 95ను చేర్తురు. ఆధునికుల విషయమున ఇది చక్కని ఉపాయము. కాని వేమన జన్మసంవత్సరమేది? పోతన జన్మసంవత్సరమేది? పండితులు శతాబ్దముల తరబడి వాదించు కాలనిర్ణయమును సూచీకర్త ఒక మధ్యాహ్నమున తేల్చి పుస్తకపు వెన్నుపై వ్రాయవలసివచ్చును. గ్రంథపాలకునకును సాహిత్య చరిత్రకారునకును గల బాంధవ్యమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

కర్తవ్యము

వరాఛా విద్యార్థి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. గ్రంథమున్నంత మాత్రమున అది అతనికి దొరకదు. పేరు, లిపి, సంఖ్య ఈ మూడింటిలో ఏ యొక్కటి తప్పినను అతని దృష్టిలో ఆ గ్రంథము లేనట్టిదే. పూర్వము ఒక పత్రముపై జరిగిన పొరపాటు ఒక గ్రంథాలయమునకే పరిమితమయ్యెడిది. నేడు ఒక గ్రంథాలయపు సూచీ నమోదును కంప్యూటరు ద్వారా పది గ్రంథాలయములు గ్రహించుచున్నవి. పొరపాటు కూడ పదింటికి ప్రాకును. సరియైన రూపమును ఒకసారి స్థిరపఱచినచో అదియు అట్లే వ్యాపించును.

కావున విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది, తెలుగు గ్రంథకర్తల ఇంటిపేరు, స్వనామము, కలముపేరు, స్త్రీల విషయమున పూర్వపు ఇంటిపేరు, జన్మసంవత్సరము తెలుపు ప్రామాణిక పట్టికను సిద్ధము చేసి గ్రంథపాలకుల కందించుట. సాహిత్య అకాడమీవారు కేశవన్ గారి సంపాదకత్వమున 1901-1953 మధ్యకాలమునకు వెలువరించిన భారతీయ సాహిత్య గ్రంథసూచి, దానిలోని తెలుగు భాగము దీనికి పునాదిగా ఉపకరించును. రెండవది, శతకము, యక్షగానము, ఉదాహరణము, అవధానము మొదలైన మన ప్రక్రియలను వర్గీకరణలో ఏచోట చేర్చవలెనో నిర్ణయించి తెలుపుట. మూడవది, ప్రవాసాంధ్రుల ప్రచురణములను సేకరించుట. సూరతు, భివండి, షోలాపురము మొదలైన మగ్గముల పట్టణములలో కులసంఘములు, కార్మిక సంఘములు, ఉత్సవ సమితులు వెలువరించు సంచికలు, కరపత్రములు తెలుగుభాష వలసచరిత్రకు ప్రత్యక్ష సాక్ష్యములు. 1954నాటి శాసనము ప్రకారము ప్రచురణకర్తలు నియత గ్రంథాలయములకు ప్రతులు పంపవలసి యున్నను, ఇట్టి చిన్న ప్రచురణములు అచ్చటికి చేరు అవకాశము తక్కువ. తరము మారినచో ఇవి చిత్తుకాగితములలో కలిసిపోవును.

ఈ మూడును గ్రంథపాలకుడు ఒంటరిగ చేయగల పనులు కావు. తెలుగు ఆచార్యుడు ఒంటరిగ చేయగలవియు కావు. గ్రంథపాలకుని ఆచార్యునితో సమానునిగ నిలుపవలెనని రంగనాథన్ గారు కోరిన సమానత్వము వేతనపట్టికతో ముగియునది కాదు. సూచీపత్రమును సిద్ధము చేయునప్పుడు వారిద్దఱును ఒక బల్లయొద్ద కూర్చున్ననాడు ఆ సిఫారసు తెలుగు గ్రంథమునకు సంబంధించినంతవఱకు అమలుజరిగినట్లగును.